ఎదుటి చెంచా

నాలుకమ్మ అనగానే ఎవరో నోరుగల ఆడమనిషి, వీధి కుళాయి దగ్గర నలుగురినీ దులిపేసే రకం అనుకుంటే పొరపాటే. ఆవిడ రోజు మొత్తమ్మీద మాట్లాడే మాటలన్నీ పోగేసినా గుప్పెడు కావు. ఆ పేరు నోటిని చూసి పెట్టింది కాదు, నాలుకను చూసి పెట్టింది. ఓట్స్ మిల్లులో ఆవిడ పని రుచి చూడటం. గోదాములోంచి ఏ సరుకు గడప దాటాలన్నా ముందు అందులోంచి కాస్త ఆవిడ గిన్నెలో ఉడకాలి, ఆవిడ నాలుక మీద పడాలి. ఊ అంటే లారీ కదులుతుంది. ఊహూ అంటే బస్తాలు వెనక్కి పోతాయి. అసలు పేరు ఆఫీసు గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. పిలిచేవాళ్ళు లేకపోతే పేరు మాత్రం ఏం చేస్తుంది, అదీ ఓ మూల కూర్చుంటుంది.

మిల్లు వెనక, యంత్రాల మోత కాస్త తగ్గే చోట ఆ గది ఉంది. రెండు గ్యాసు పొయ్యిలు, వరుసగా ఒకే రకం తెల్లగిన్నెలు, ఓ సింకు, కిటికీ పక్కన చిన్న బల్ల, బల్లకి అటో కుర్చీ ఇటో కుర్చీ. ఆ గదిలోకి సెంటు పూసుకుని రాకూడదు. కాఫీ తాగి రాకూడదు. జలుబు చేస్తే అసలు రాకూడదు. రెండు కుర్చీలెందుకంటే, జిహ్వకో రుచి, పుర్రెకో బుద్ధి అన్నారు కదా, ఒక్క నాలుకని నమ్మి లారీ పంపించడం పాత యజమానికి ఇష్టంలేదు. అందుకని రెండో కుర్చీలో బాబాయ్ కూర్చునేవాడు. ఆయన ఎవరికీ బాబాయ్ కాదు, అందరికీ బాబాయే. రిటైరయ్యే వయసు ఎప్పుడో దాటినా, అలాంటి నాలుక మళ్ళీ దొరకదని మిల్లువాళ్ళే ఉంచేసుకున్నారు. భార్య పోయింది. పిల్లల్లేరు.

ఆ గదికి ఓ కట్టుబాటు ఉండేది. రుచి చూసేటప్పుడు ఇద్దరూ మాట్లాడకూడదు, ఒకరి ముఖం ఒకరు చూడకూడదు. ఎదుటివాడు మొహం చిట్లిస్తే మనకీ చేదనిపిస్తుంది, మనిషి బుద్ధి అంతే. అందుకని చెంచాలతో చెప్పుకునేవాళ్ళు. సరుకు బాగుంటే చెంచా గిన్నెలోనే వదిలేయాలి. బాగాలేకపోతే తీసి బల్లమీద బోర్లించాలి. రెండు చెంచాలూ ఒకే మాట చెబితే సరే. లేదంటే మళ్ళీ ఉడికించి మళ్ళీ తినాలి. ముఖం చూడొద్దన్న పాత యజమాని చెంచా చూడొద్దని చెప్పడం మరిచిపోయాడు. ఏ కట్టుబాటుకైనా ఓ కంత ఉంటుంది. అవసరం పడేదాకా అది ఎవరికీ కనపడదు.

బజారులో ఓట్స్ అంటే అన్నీ ఒకటే. మిల్లులో కాదు. తొక్క తీసిన గింజని ఉక్కు కత్తులతో ముక్కలు చేస్తే అది నూక. ఆవిరి పట్టి రోలర్ల కింద నలిపితే మందం అటుకు. దాన్నే ఇంకా నలిపితే పల్చటి అటుకు. ముందే ఉడికించి, ఆరబెట్టి, వేడినీళ్ళు పోస్తే చాలన్నట్టు చేస్తే ఇన్‌స్టంట్. నాలుకమ్మకి వీటిలో ఒక్కోదాని గుణం ఒక్కోలా తెలుసు. నూక పంటికి తగులుతుంది, కాల్చిన గింజ వాసన చివరిదాకా ఉంటుంది. మందం అటుకు పాలతో స్నేహం చేస్తుంది. పల్చటిది తొందరగా లొంగిపోతుంది. ఇన్‌స్టంట్ గురించి అడిగితే మాత్రం, "అది వేడినీళ్ళ రుచి" అనేది.

ప్యాకింగు సెక్షనులో లౌడ్‌స్పీకర్ అని ఒకామె ఉండేది. యంత్రాల మోతలో మాట్లాడీ మాట్లాడీ ఆ గొంతు అలా అయిపోయిందంటారు కానీ, ఆమె పుట్టినప్పుడే ఆసుపత్రి అంతా లేచి కూర్చుందని ఆమె తల్లే చెప్పింది. ఓరోజు చేతులు కడుక్కునే కుళాయి దగ్గర నాలుకమ్మని పట్టుకుంది.

"అక్కా, నిజం చెప్పు, వీటిలో ఏది తింటే సన్నబడతాను?"

"ఏది తిన్నా ఒక్క గిన్నెతో లేస్తే సన్నబడతావు."

"అదొక్కటీ నావల్ల కాదు, ఇంకేమైనా చెప్పు. పోనీ నాది వదిలెయ్. మా ఆయనకి షుగరుందన్నాడు డాక్టరు. ఆయనకేది మంచిది?"

"నూక పట్టుకెళ్ళు. నిదానంగా ఉడుకుతుంది, కడుపులోనూ నిదానంగానే అరుగుతుంది. షుగరు ఒక్కసారిగా ఎగరదు. పొయ్యి దగ్గర అంతసేపు నిలబడే ఓపిక లేకపోతే మందం అటుకు. పల్చటిదీ చెడ్డదేం కాదు, కాకపోతే తొందరగా అరిగిపోయి మళ్ళీ ఆకలేస్తుంది. పండ్ల బొమ్మలేసి అమ్మే ఇన్‌స్టంట్ ప్యాకెట్లుంటాయి చూడు, వాటి జోలికి మాత్రం పోకు. అందులో ఓట్స్ కంటే చక్కెర ముందు నోట్లోకి దూకుతుంది."

"అబ్బో! మరి ఇంట్లో నువ్వేది తింటావక్కా?"

నాలుకమ్మ పని గుర్తొచ్చినట్టు గదిలోకి వెళ్ళిపోయింది.

ఇంట్లో ఆవిడ తినేది ఇన్‌స్టంటే. పొద్దున అదే, రాత్రీ చాలాసార్లు అదే. కెటిల్‌లో నీళ్ళు మరిగించి, గిన్నెలో పోసి, కిచెన్ గట్టు దగ్గరే నిలబడి తినేసేది. ఏ ఓట్స్ ఎందుకు మంచివో ఊరందరికీ చెప్పే మనిషి ఇంట్లో తినేది అది. పొయ్యి దగ్గర అరగంట నిలబడి నూక కలపడం ఆవిడకి రాక కాదు. ఒక్క మనిషి కోసం అంతసేపు నిలబడాలంటే, ఎవరి కోసం ఈ సంబరం అని గిన్నే అడుగుతున్నట్టుండేది. ఇంట్లో భోజనాల బల్ల ఉంది, దానిమీద ఇస్త్రీ చేయాల్సిన బట్టలు ఉండేవి.

ఆవిడకి ఒకప్పుడు పెళ్ళయింది. ఇద్దరూ మంచివాళ్ళే. అదే తంటా, తిట్టుకోవడానికి కూడా ఏమీ దొరకలేదు. ఒకరోజు ఆయన వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకున్నాడు, ఈవిడ వెంట వెళ్ళలేదు, ఆయన రమ్మని మళ్ళీ అడగలేదు. అంతే. ఒక చెల్లెలు ఉంది. ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది.

"తిన్నావా అక్కా?"

"తిన్నాను."

"ఏం తిన్నావు?"

"ఏదో తిన్నాన్లే. పిల్లలెలా ఉన్నారు?"

పిల్లల సంగతి అయ్యేసరికి అవతల ఎవరో పిలుస్తారు, ఫోను అయిపోతుంది. చెల్లెలిని తప్పుపట్టడానికేం లేదు. ఆ పిల్లకి సంసారం ఉంది. వారంలో ఆవిడని తిన్నావా అని అడిగే గొంతు అదొక్కటే, అది కూడా జవాబు కోసం ఎక్కువసేపు ఆగేది కాదు.

అందుకే మిల్లులో ఆ బల్ల ఆవిడకి అంత ముఖ్యం. రోజు మొత్తంలో ఆవిడ కూర్చుని తినేది అక్కడే. ఎదురుగా ఒక మనిషి, ఆ మనిషికీ అదే గిన్నె, అదే జావ. మాటల్లేకపోయినా సరే. రుచి చూడటం అయ్యాక బాబాయ్ ఏదో ఒకటి అనేవాడు, "ఇవాళ నూక కాస్త బిరుసుగా ఉంది కదమ్మాయ్", "పల్చటిది మరీ మన గుమాస్తా మనసులా ఉంది, పట్టుకుంటే జారిపోతోంది" అని. ఆవిడ నవ్వేది. తెల్లారి లేవడానికి ఆ నవ్వొక్కటి చాలేది. సెలవు రోజుల్లో ఆకలి కూడా సరిగ్గా వేసేది కాదు.

అలాంటి సమయంలో, వానలు వెనకపట్టాక ఆవిడకి జ్వరం వచ్చింది. పెద్ద జ్వరమేం కాదు. మిల్లుకి సెలవు పెట్టి దుప్పటి కప్పుకుని పడుకుంది, మాత్రలు వేసుకుంది, తగ్గిపోయింది. తగ్గిన రోజు పొద్దున పాలు పొయ్యిమీద పెట్టి కిటికీ దగ్గర కూర్చుంది. కాసేపటికి ఎవరో తలుపు దబదబా బాదారు. పక్కింటామె.

"ఏవండీ, లోపలున్నారా? ఏదో మాడిపోతోంది! మెట్ల దాకా కంపు కొడుతోంది!"

నాలుకమ్మ వెనక్కి తిరిగి చూస్తే వంటగది నిండా పొగ. గిన్నె అడుగు నల్లగా అయిపోయింది. ఆవిడ అంతసేపూ ఆ పొగకి నాలుగడుగుల దూరంలోనే కూర్చుని ఉంది, ముక్కుకి ఏమీ తెలియలేదు. పక్కింటామె కిటికీలన్నీ తెరిచి, "జాగ్రత్తండీ, ఒక్కరే ఉంటారు" అని వెళ్ళిపోయింది. ఆవిడ ఉప్పు డబ్బా తీసి చిటికెడు నాలుక మీద వేసుకుంది. ఇసుక. చక్కెర వేసుకుంది. అదీ ఇసుకే. మాత్ర ఒకటి నమిలి చూసింది, చేదు లేదు. వేడి, చల్లన, మెత్తన, గరుకు, ఇవి మాత్రం మిగిలాయి. మిగతా ప్రపంచమంతా నోట్లోంచి లేచిపోయింది.

జ్వరం తర్వాత అలాగే ఉంటుంది, కొన్ని రోజుల్లో వస్తుంది అన్నాడు డాక్టరు. రాకపోతే అని ఆవిడ అడిగింది. కొందరికి ఆలస్యమవుతుంది అన్నాడు. అంతకుమించి ఆయన మాత్రం ఏం చెప్పగలడు.

మిల్లులో ఆ మాట చెప్పేస్తే అయిపోయేది. మన్నించండి, నా నాలుక పోయింది, బాగయ్యేదాకా వేరే పని ఇవ్వండి అంటే కొట్టేవాళ్ళెవరూ లేరు. ఆవిడకీ తెలుసు. కానీ ఆ మాట చెబితే ఆ బల్ల దగ్గరి నుంచి లేవాలి. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. బాబాయ్ "కదమ్మాయ్" అని ఇంకెవరితోనో అంటాడు. ఉద్యోగం పోతుందని కాదు ఆవిడ భయం, ఆ కుర్చీ పోతుందని. రేపు చెబుతాను అనుకుంది. రేపటికి రూపు లేదంటారు, ఆ రేపు రాలేదు.

మొదటి రోజు నాలుగు గిన్నెలూ ముందు పెట్టుకుని కూర్చుంది. నూక నోట్లో వేసుకుంది. పంటికి తగిలింది, అంతే. దొంగకి తేలు కుట్టినట్టు కదలకుండా కూర్చుని, తల వంచుకుని, రెప్పల కిందనుంచి ఎదుటి చెంచా చూసింది. బాబాయ్ చెంచా గిన్నెలోనే ఉంది. ఆవిడ కూడా చెంచా గిన్నెలోనే వదిలేసింది. రెండో గిన్నె, మూడో గిన్నె, నాలుగోదీ అంతే. చెమట పట్టింది. అయ్యాక బాబాయ్, "జ్వరం వల్ల నీరసించిపోయావమ్మాయ్" అన్నాడు. ఆవిడకి ఏడుపొచ్చినంత పనయింది.

అక్కడి నుంచి అదే అలవాటైపోయింది. తప్పు చేయడంలో కష్టమంతా మొదటిరోజే, తర్వాత అదీ పనిలాగే సాగిపోతుంది. చెంచా ఎత్తడం, నోట్లో పెట్టుకోవడం, కాస్త ఆలోచిస్తున్నట్టు కిటికీలోకి చూడటం, ఆ తర్వాత ఎదుటి చెంచా. బాబాయ్ మీద ఆవిడకి నమ్మకం. తనకి తెలియకపోతేనేం, ఆయనకి తెలుసు కదా. సరుకు ఎలాగూ సరిగ్గానే వెళ్తోంది అని మనసుకి నచ్చజెప్పుకునేది.

ఒక్కటే చిక్కు వచ్చింది. బాబాయ్ ఈమధ్య బాగా నిదానమైపోయాడు. ఒకప్పుడు నోట్లో పెట్టుకున్న మరుక్షణం తేల్చేసేవాడు. ఇప్పుడు చెంచా గాల్లో పట్టుకుని కూర్చుంటాడు. ఈవిడ ఆగేది. ఆయనా ఆగేవాడు. జావ మీద మీగడ కట్టేది. మీగడ ముడతలు పడేది. చివరికి ఎవరి చెయ్యో కాస్త కిందికి జారితే రెండోది దాని వెంటే దిగిపోయేది. పాపం పెద్దతనం అనుకుని జాలిపడేది ఆవిడ. ఆయన మాటలు కూడా తగ్గాయి. నూక బిరుసుగా ఉందని కానీ, అటుకు జారిపోతోందని కానీ అనడం మానేశాడు. వాతావరణం గురించి మాట్లాడేవాడు. ఎదురుగా ఆయన ఉన్నా, ఆ బల్ల దగ్గర కూడా ఆవిడకి ఇంట్లో కిచెన్ గట్టు దగ్గర నిలబడ్డట్టే ఉండటం మొదలైంది. తన రహస్యమే తనని అలా కోసేస్తోందనుకుంది. ఒక్కోసారి చెప్పేద్దామని నోరు తెరిచేది. ఆయన అప్పుడే గిన్నెలు సర్దడానికి లేచేవాడు.

ఒకరోజు పదిన్నర వేళకి మేనేజరు స్వయంగా ఆ గదిలోకి వచ్చాడు. కుర్రవాడే కానీ మర్యాదస్థుడు, పెద్దవాళ్ళని గౌరవించడం తెలిసినవాడు. చేతుల్లో రెండు గిన్నెలు. రెండింట్లోనూ నూక జావ, పైకి చూస్తే కవలపిల్లలే.

"బాబాయ్ గారూ, అమ్మా, చిన్న ఇబ్బంది వచ్చింది. గుండె జబ్బుల ఆసుపత్రికి మనం పంపిన నూక తిరిగొచ్చింది. చేదుగా ఉందట, పాత నూనె కంపు కొడుతోందట. ఆవిరి సరిగ్గా పట్టలేదేమో, లేకపోతే నిలవ ఉండి ముక్కిపోయిందేమో, అది నేను చూసుకుంటాను. కానీ ఇది మీ ఇద్దరి దగ్గరి నుంచే వెళ్ళింది. మీ చెంచా దాటి చెడ్డ సరుకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ పోలేదు. అందుకని ఆసుపత్రి వంటమనిషి చాదస్తం కూడా అయి ఉండొచ్చు."

ఇద్దరూ గిన్నెల వైపు చూశారు.

"ఈ రెండిట్లో ఒకటి ఆ తిరిగొచ్చిన సరుకు, ఒకటి మంచిది. ఏది ఏదో నేను చెప్పను. మీరు తేల్చి చెబితే నాకు ధైర్యంగా ఉంటుంది." ఆయన నవ్వబోయి మానేశాడు. "ఇంకో సంగతి చెప్పాడు వంటమనిషి. రోగులు కొన్నాళ్ళుగా అదే తింటున్నారట. ఒక్కరూ ఏమీ అనలేదట. ఎందుకు చెప్పలేదని అడిగితే, ఒంటికి మంచి తిండి ఇలాగే చేదుగా ఉంటుంది కాబోలు అనుకున్నాం అన్నారట."

ఆ మాట నాలుకమ్మకి గుండెల్లో గుచ్చుకుంది. తెల్ల దుప్పట్లు, మంచం పక్కన గిన్నె, ఎవరినీ ఏమీ అనకుండా తలొంచుకుని చేదు మింగే మనుషులు, అంతా ఆవిడ కళ్ళముందు కనపడింది. ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని మింగడం ఎలా ఉంటుందో ఆవిడకి చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే. తన నోట్లో రుచి లేకపోవడం ఎవరి తప్పూ కాదు. వాళ్ళ గిన్నెలో చేదు మాత్రం ఆవిడ పుణ్యమే.

బాబాయ్ చెంచా తీసుకున్నాడు. ఆవిడా తీసుకుంది. మొదటి గిన్నె, రెండో గిన్నె. వెచ్చన, గరుకు. వెచ్చన, గరుకు. అలవాటు ప్రకారం రెప్పలు వాల్చి ఎదుటి చెంచా వైపు చూసింది. అది గాల్లోనే ఉంది. మేనేజరు కిటికీకి ఆనుకుని నిలబడ్డాడు. ఎవరి చెయ్యీ కదలడం లేదు.

ఆవిడే చెంచా పక్కన పెట్టేసింది, గిన్నెలో కాదు, బోర్లించీ కాదు.

"నాకు తెలియదు బాబూ."

"ఫరవాలేదమ్మా, ఇంకోసారి చూడండి, తొందరేం లేదు."

"ఇంకో వందసార్లు చూసినా నాకు తెలియదు. జ్వరం వచ్చినప్పటి నుంచి నాకు రుచి లేదు, వాసన లేదు. ఇన్నాళ్ళూ బాబాయ్ చెంచా చూసి నా చెంచా పెడుతున్నాను. తప్పు నాది. అన్నీ మంచివేనని పంపించేశాను. ఆయన్ని అడగండి, ఆయన చెబుతారు."

మేనేజరు మెల్లగా బాబాయ్ వైపు తిరిగి, "అయితే మీరే చెప్పాలండీ" అన్నాడు.

అప్పుడు నాలుకమ్మ తలెత్తి బాబాయ్ ముఖం చూసింది. కట్టుబాటు ఎలాగూ పోయింది, ఇక చూస్తేనేం. ఆయన గిన్నె వైపు చూడటం లేదు. రెప్పలు వాల్చి ఆవిడ చేతి కింద పడి ఉన్న చెంచా వైపు చూస్తున్నాడు. ఆ చూపు ఆవిడకి తెలుసు. రోజూ తాను చూసే చూపే. గుడ్డివాడి భుజం పట్టుకుని గుడ్డివాడు నడుస్తున్నాడని, ఇద్దరూ ఎదుటివాడికి దారి తెలుసనుకున్నారని అప్పుడు అర్థమైంది. ఆయనకి సాయం చేయాలనిపించింది. కానీ సాయం చేయడానికి ఆవిడ దగ్గర మాత్రం ఏముంది?

బాబాయ్ గాల్లో పట్టుకున్న చెంచాని ఎడమవైపు గిన్నె పక్కన బల్లమీద బోర్లించాడు.

"ఇది," అన్నాడు. "ఇదే చెడ్డది."

మేనేజరు కుడివైపు గిన్నెలోంచి, అంటే బాబాయ్ మంచిదన్న దాంట్లోంచి, ఓ చెంచాడు నోట్లో వేసుకున్నాడు. వెంటనే సింకు దగ్గరికి పరుగెత్తి ఉమ్మేశాడు. నీళ్ళు పుక్కిలిస్తూ చాలాసేపు అటు తిరిగే ఉన్నాడు. వాళ్ళ ముఖాలు చూడకుండా ఉండాలనే అంతసేపు కడుక్కున్నాడని నాలుకమ్మకి అనిపించింది. "ఇవాళ్టికి మీరిద్దరూ ఇంటికి వెళ్ళండి. నేను కబురు చేస్తాను" అని గిన్నెలు తీసుకుని వెళ్ళిపోయాడు.

మిల్లు బయట గోడవారగా ఇద్దరూ నిలబడ్డారు. ఎండ బాగా ఉంది. ఇంటికి వెళ్ళే వేళ కాదు కాబట్టి ఎటు నడవాలో ఇద్దరికీ తోచలేదు.

"ఎప్పటి నుంచి బాబాయ్?"

"వానలకి ముందు నుంచి. బీపీ మాత్రలు మార్చారు, ఆ తర్వాత పోయింది. మాత్రల వల్లో, వయసు వల్లో. నీకు?"

"వానలు వెనకపట్టాక."

ఆయన మనసులో లెక్కేసుకున్నాడు. ముఖం ఇంకా వాడిపోయింది. "అంటే ముందు కొన్నాళ్ళు నువ్వు చెప్పిందే నేను చెప్పాను. అప్పటిదాకా ఫరవాలేదు. నీకు జ్వరం వచ్చాక..."

"నా జ్వరం తర్వాత ఎవరూ తినలేదు బాబాయ్. ఆ బల్ల దగ్గర ఎవరూ లేరు."

ఆయన గోడకి చెయ్యి ఆన్చుకున్నాడు. "చెబుదామనే అనుకున్నానమ్మాయ్. చాలాసార్లు. చెబితే నన్ను ఇంటికి పంపేస్తారు కదా. ఇంట్లో ఏముంది? గోడలున్నాయి. ఇక్కడైతే నువ్వు ఎదురుగా కూర్చుంటావు. ఒకరు ఎదురుగా కూర్చుని తింటారు కదా అని..."

మాట పూర్తి చేయలేకపోయాడు. చేయక్కర్లేదు కూడా. ఆ మాటలన్నీ ఆవిడవే. తన మనసులోంచి ఎవరో దొంగిలించి ఆయన నోట్లో పెట్టినట్టుంది. చేయి చాస్తే అందేంత దూరంలో, ఒకే గిన్నెలో ఒకే జావ తింటూ, ఒకే భయంతో ఇద్దరూ వేరువేరుగా కూర్చున్నారు. వాళ్ళలో ఏ ఒక్కరు నోరు తెరిచినా ఇద్దరికీ తోడు దొరికేది, ఆసుపత్రిలో వాళ్ళకి చేదు తప్పేది. అది తలుచుకుంటే ఆవిడకి తనమీద తనకే ఒళ్ళు మండిపోయింది.

కబురు రానే వచ్చింది. మేనేజరు అరవలేదు, అవమానించలేదు. బాబాయ్‌ని శాలువా లేకుండా, ఉపన్యాసం లేకుండా ఇంటికి పంపించారు. నాలుకమ్మని ప్యాకింగు సెక్షనులో వేశారు. ఆ గదిలో ఇద్దరు కొత్తవాళ్ళు కూర్చున్నారు, మధ్యలో అడ్డంగా ఒక చెక్క తెర వచ్చింది. పాత యజమాని మరిచిపోయిన కంత అలా పూడింది.

ప్యాకింగులో మోతే మోత. అటుకులు సంచుల్లోకి జారుతుంటే వాటి మూతి సరిచేసి కుట్టు మిషను కిందికి తోయాలి. ఎదురుగా మనిషి ఉండదు, గోడ ఉంటుంది. నాలుకమ్మ అనే పేరు కూడా మెల్లగా ఆగిపోయింది. ఎవరూ ఎగతాళి చేయలేదు, ఆ మర్యాదే ఇంకా కష్టంగా ఉండేది. చెల్లెలు ఫోను చేసి తిన్నావా అంటే తిన్నాననేది. ఏం తిన్నావంటే, ఏదో తిన్నాననేది. ఆ మాటలో ఇప్పుడు అబద్ధం కూడా లేదు. ఏం తిన్నదీ ఆవిడకి నిజంగానే తెలియదు.

ఆ మధ్య ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ కొత్తగా చేరిన గేటు కాపలామనిషి వచ్చి, నీ కోసం ఎవరో వచ్చారన్నాడు. వెళ్ళి చూస్తే బాబాయ్. గడ్డం గీసుకోలేదు. చేతిలో ఓ డబ్బా, గుడ్డలో చుట్టి ఉంది.

"నూక వండానమ్మాయ్. ఇంట్లో కూర్చుని కూర్చుని పిచ్చెక్కిపోతోంది. నా జన్మలో ఎప్పుడూ సొంతంగా వండింది లేదు. వండింది తినీ తినీ వంటవాణ్ణే అనుకున్నాను, అదంతా వేరే విద్య. ఎలా ఉందో చూసిపెడతావని తెచ్చాను." అనేసి నాలుక కరుచుకున్నాడు.

"నాకెలా తెలుస్తుంది బాబాయ్?"

"అదే. దారిలో సగం వచ్చాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళబుద్ధి కాలేదు."

షెడ్డు పక్కన ఆడవాళ్ళంతా కూర్చుని తింటున్నారు. నాలుకమ్మ ఎప్పుడూ ఆ గుంపుకి దూరంగా కూర్చునేది. ఇవాళ బాబాయ్‌ని తీసుకెళ్ళి అక్కడే మెట్టు మీద కూర్చోబెట్టింది. డబ్బా మూత తీసింది. ఇద్దరూ చెరో చెంచా పట్టుకుని దాంట్లోకి చూస్తూ కూర్చున్నారు. అదే పాత మౌనం. నాలుకమ్మ ఒక్కసారిగా తల తిప్పి, జీవితంలో మొదటిసారి గొంతెత్తి పిలిచింది.

"లౌడ్‌స్పీకరూ! ఇలా రా! ఇది కాస్త తిని చెప్పు."

ఆమె చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఓ చెంచాడు నోట్లో వేసుకుని, కళ్ళు రెండూ మూసుకుంది.

"బాబోయ్! బాబాయ్, ఇందులో ఉప్పేశావా, ఉప్పులో ఇది వేశావా?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. బాబాయ్ కూడా సిగ్గుపడుతూ నవ్వాడు. ఆమె చెంచా పక్కన పెట్టబోయింది. నాలుకమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉప్పు కాకుండా ఇంకేముంది? ఇంకో చెంచా తిని చూడు."

"ఇంకా ఏముంటుందక్కా, ఉండు... గింజ వేయించావు కదా బాబాయ్? కమ్మటి వాసన వస్తోంది. పాలు చిక్కగా ఉన్నాయి. నమిలితే అడుగున కాస్త తీపి తగులుతోంది, పంచదార తీపి కాదు, గింజ తీపి. ఇక చాలా?"

నాలుకమ్మ తన చెంచాతో జావ తీసుకుని నోట్లో పెట్టుకుంది. కళ్ళనీళ్ళు వస్తుంటే తుడుచుకోలేదు.

"ఆపకు. నేను తిన్నంతసేపూ చెబుతూనే ఉండు. నేను అన్నం తిని చాలా నెలలైంది" అంది.